నాయిన నెత్తికి తగిలే కప్పు

లారీ క్యాబిన్‌లో కూర్చుని అన్నం తినడానికి జనం వరుస కడతారని ఎవరైనా మా నాయినకు చెప్పి ఉంటే, చెప్పినవాణ్ణి అక్కడే దింపేసి వెళ్ళిపోయేవాడు. ఆయన ఇంట్లో తిన్న అన్నం కంటే క్యాబిన్‌లో తిన్న అన్నమే ఎక్కువ. తిన్న ప్రతిసారీ, ఇంట్లో తింటే బాగుండేదనే అన్నాడు. కాలం మారింది. విజయవాడ దారిలో కొత్తగా హోటలు పెడుతున్న ఒకాయన మా పాత లారీ మూతిని కోయించి, కడిగించి, హాలు నడుమ నిలబెట్టి, అందులో నలుగురు ఎదురెదురుగా కూర్చుని బిర్యానీ తినేటట్టు బల్ల వేయిస్తానని నాదర్‌గుల్‌లోని మా తమ్ముడి ప్లాటుకు వచ్చాడు. లారీ అక్కడ కంపచెట్ల మధ్య ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. పైన విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు గిరగిరా తిరుగుతుంటారు, కింద లారీ కదలకుండా ఉంటుంది. ఆ చోటికి ఉన్న అందమంతా అదే. హోటలాయన తెల్లచొక్కాతో క్యాబిన్ ఎక్కి, డ్రైవర్ సీట్లో కూర్చుని, తల ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. కప్పుకు కొట్టిన రెక్సిన్ పాడి బర్రె పొదుగులాగా కిందికి వేలాడుతోంది. దాన్ని వేలితో పొడిచాడు. లోపలి స్పాంజి ఎప్పుడో పొడైపోయి ఉంది, అదంతా పసుపుపచ్చగా ఆయన నెత్తిన, భుజాల మీద రాలింది. నలుగు పెట్టించుకున్న పెళ్ళికొడుకులా దిగాడు.

“ఏవండీ, ఈ పై గుడ్డ తీయించేసి కొత్తది వేయించాలండి. కస్టమరు ప్లేట్లో పడితే బాగోదు కదండీ,” అన్నాడు దులుపుకుంటూ. “వేయించేటప్పుడు చిన్న చిన్న లైట్లు కూడా పెట్టించెయ్యండి. ఆకాశంలో చుక్కల్లాగ ఉండాలి. ఫ్యామిలీలు అవే అడుగుతున్నారండి.”

“అట్లనే సార్, తీపిస్తం,” అన్నాడు మా తమ్ముడు ప్రభుదాసు.

అంత తొందరగా ఒప్పుకున్నందుకు హోటలాయన సంబరపడ్డాడు. నేను పడలేదు. ఆ కప్పు విప్పకూడదన్నది మా ఇంట్లో శాసనం. నాయిన బతికి ఉన్నన్నాళ్ళూ కప్పు జారినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది కొట్టించాడు తప్ప పాతది విప్పనివ్వలేదు. ఎందుకంటే అన్నిటికంటే లోపలి రెక్సిన్ మీద, లారీ కొన్న రోజు, మా చర్చి అయ్యగారు ప్రార్థన నూనెతో పెట్టిన సిలువ గుర్తు ఉంది. ఉందని మా ఇంటిల్లిపాది నమ్మకం. ప్రభుదాసుకు ఆ వచ్చే బుధవారం గుండె ఆపరేషన్. నాయిన మాట మీరి తాను విప్పలేడు. అమ్ముడుపోయిన బండిని కొన్నవాడి మాట మీద విప్పిస్తే ఆ పాపం తనకు అంటదు. ఇంత లోతుగా వాడు ఆపరేషన్ గురించి కూడా ఆలోచించలేదు.

“అన్నా, గా గుడ్డ నా దిండు కింద ఉంటే పోయి పండుకుంట. లేకుంటే నేను పోను. డాక్టరుకు నువ్వే చెప్పుకో,” అన్నాడు, హోటలాయన వెళ్ళిపోయాక.

“గుడ్డ కాదురా, రెక్సిన్.”

“ఏదైతే ఏంది?”

ఏదైతే ఏమిటో చెప్పవలసినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి కాబట్టి ఇక్కడ ముందే చెప్పేస్తాను. ఆ రెక్సిన్ అక్కడ లేదు. లేదని నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని పోగొట్టినవాణ్ణి నేను. నాలుగు పొరలు విప్పాక వట్టి రేకు కనిపిస్తుంది, దాన్ని చూసి మా తమ్ముడు ఇంటికి వెళ్ళిపోతాడు, వాడి గుండె దాని ఇష్టం వచ్చినట్టు అది చేసుకుంటుంది.

అప్పట్లో మేము గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. మార్కెట్ పక్కన ఉండటమంటే పళ్ళు తినడమని మా నల్లగొండ చుట్టాలు అనుకునేవాళ్ళు. పళ్ళు తినడం కాదు, పీల్చడం. ఎండాకాలం మామిడి, వానాకాలం కుళ్ళిన అరటి, మిగతా రోజులన్నీ బత్తాయి. మా బడి పుస్తకాలు బత్తాయి తొక్క వాసన వేసేవి, మా అమ్మ ఉతికిన దుప్పట్లు వేసేవి, ఆదివారం వండిన మాంసం కూర కూడా కొంచెం వేసేది. దాని మీద డీజిల్ వాసన నాయినది. ఆయన వచ్చేది తెల్లవారగట్ల. నల్లగొండ తోటల నుంచి బత్తాయి లోడు తెచ్చి, మార్కెట్‌లో దింపి, లారీని గోడ పక్కన నిలిపి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా చాయ తాగేవాడు. చాయ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ అడగకూడదు. గ్లాసు కింద పెట్టాక అడగవచ్చు, కాని అప్పటికి ఆయన నిద్రపోయి ఉండేవాడు. మా ఇంట్లో తండ్రీ కొడుకుల అనుబంధం ఈ పద్ధతిలో సాగింది.

ఆయన పేరు యేసురత్నం, మార్కెట్‌లో రత్నం డ్రైవర్. మనిషి ఆరడుగులు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఎవరెవరివో లారీలు నడిపి, చివరికి ఒక పాత లారీ సొంతంగా కొన్నాడు. మిగతా డ్రైవర్లు కొత్త బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళకు కనబడే భద్రత ఏర్పాటు చేసుకునేవాళ్ళు. మాకు అవన్నీ నిషిద్ధం. నాయిన ఆ నిమ్మకాయల వైపు చూసే చూపులో కొంచెం అసూయ ఉండేదని నా అనుమానం. అందుకని అయ్యగారిని పిలిచాడు. అయ్యగారు లారీ ఎక్కడం అదే మొదటిసారి. ఇద్దరు సంఘ పెద్దలు కింది నుంచి తోస్తే ఎక్కారు. డ్రైవర్ సీట్లో కూర్చుని, బొటనవేలు నూనె సీసాలో ముంచి, నెత్తి మీది తెల్ల రెక్సిన్ మీద సిలువ గీశారు. నూనె చుక్క ఒకటి వారి కళ్ళద్దాల మీద పడింది. తర్వాత ఒక సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెట్టాడు, ప్రపంచంలో ఉన్న వాహనాలన్నిటినీ పేరు పేరునా దేవుడికి అప్పగించి గాని ఆపలేదు. ప్రభుదాసుకు అప్పుడు ఏడేళ్ళుంటాయేమో, స్టెప్నీ టైరు మీద నిద్రపోయాడు.

ఆ తర్వాత మూడో ట్రిప్పులోనో నాలుగో ట్రిప్పులోనో చౌటుప్పల్ దగ్గర బ్రేకులు పట్టలేదు. లారీ రోడ్డు దిగి, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్పలోకి దూసుకెళ్ళి ఆగింది. ఒక్క బత్తాయి కూడా కింద పడలేదు. నాయిన దిగేముందు తల పైకెత్తి, కప్పు మీది గుర్తును చూశాడు. మరుసటి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాడు. ఆ ఇసుక కుప్పకు ఎవరూ కృతజ్ఞత చెప్పిన గుర్తు లేదు. అప్పటి నుంచి బండి కదిలించే ముందు మూడు వేళ్ళతో ఆ నూనె మరకను తాకేవాడు. మరక రోజురోజుకూ నల్లబడింది. నూనె, దుమ్ము, చెమట కలిస్తే నల్లబడుతుందని, అందులో మహిమ ఏమీ లేదని ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న నేను అమ్మకు వివరించాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, “మంచిగ చెప్పినవ్ బిడ్డా, గీ చాట పట్టు,” అంది.

ఇంటర్ చదవడం వల్ల నాకు అబ్బిన విద్య అదొక్కటే: అందరినీ కొంచెం పైనుంచి చూడటం. నాయినను, అయ్యగారిని, మార్కెట్‌ను, సందును, బత్తాయిలను. తర్వాత డిగ్రీ చదివాను, లెక్చరర్‌నయ్యాను, ఎత్తు ఇంకొంచెం పెరిగింది. ఇప్పటికీ దిగలేదు, చదువరులు గమనించే ఉంటారు.

రెండేళ్ళకు ఆ తెల్ల రెక్సిన్ ఒక వైపు మేకులు ఊడి జారింది. బండి పరుగెత్తుతుంటే నాయిన మొహానికి కొట్టేది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో యూసుఫ్ భాయ్ అని లారీలకు సీట్లు, కప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. నాయిన జ్వరంతోనే లారీ తీసుకెళ్ళి అక్కడ నిలిపి, ఇంటికొచ్చి పడుకుని, నన్ను పిలిచాడు.

“పెద్దోడా, నువ్వు పోయి దగ్గర కూసో. యూసుఫ్ భాయ్ పాతది విప్పుతడు గద, విప్పంగనే చేతుల పట్టుకో. మంచిగ మలిచి ఇంటికి తే. కింద పెట్టకు. అయ్యగారి గుర్తు ఉన్నది.”

“సరే నాయిన.”

“కింద పెట్టకు,” అన్నాడు మళ్ళీ, కళ్ళు మూసుకునే.

వెళ్ళాను. ఒక అరగంట కూర్చున్నాను కూడా. యూసుఫ్ భాయ్ బక్కగా, నెరిసిన గడ్డంతో ఉండేవాడు. పని మొదలుపెట్టే ముందు చాలాసేపు ఊరికే కప్పును చూసేవాడు. అంత సేపు చూడటానికి అక్కడ ఏముందో నాకు అర్థం కాలేదు. తర్వాత కొత్త రెక్సిన్‌ను బల్ల మీద తిరగేసి పరిచి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, మడతలు కలిసిన చోట చెవి మీది నీలం పెన్సిల్ తీసి, నాలికకు తడి చేసుకుని, నిలువు గీత ఒకటి, అడ్డ గీత ఒకటి కొట్టాడు.

“నడుమ నిశాన్ పెట్టాలె బేటా. గిది పైన రేకు నడుమకు కలవాలె. అప్పుడు నాలుగు దిక్కుల గుంజితే సమానం వస్తది. నిశాన్ లేకుంట కొట్టినోడు కొడ్తడు, ముడత మాత్రం పోదు.”

నేను మర్యాదగా తల ఊపాను. దగ్గర్లో ఒక సినిమా హాలు ఉంది, ఆట మొదలయ్యే వేళయింది. పాతది విప్పడానికి ఇంకా చాలా సేపు పట్టేటట్టుంది. ఆయన మేకును మేకు లాగినట్టు లాగడు, ముల్లు తీసినట్టు తీస్తాడు. “మీరు కానియ్యుండ్రి భాయ్, గిట్ల పోయి అట్ల వస్త,” అని వెళ్ళాను. సినిమా బాగాలేదు. అయినా చివరిదాకా చూశాను; నా చరిత్రలో నేను పూర్తి చేసిన పనులు తక్కువ, అది ఒకటి.

తిరిగొచ్చేసరికి వాన పడుతోంది. కొత్త కప్పు డప్పు చర్మంలా బిగువుగా ఉంది, ఎక్కడా ఒక్క ముడత లేదు. పాతది ఏదని అడిగాను.

“అదా? అరటిపండ్ల బండాయన వానకు కప్పుకుంటనంటె ఇచ్చేసిన. చినిగిపోయిన మాల్ గద. ఏం, కావాల్నా?”

కావాలి. మార్కెట్ దాకా తడుస్తూ పరుగెత్తాను. అక్కడ అరటిపళ్ళ బండ్లన్నిటి మీదా ఏదో ఒకటి కప్పి ఉంది. అందులో తెల్లవి అయిదారు. ఒకటి ఎత్తి చూశాను, తాటికాయంత అక్షరాలతో ఎరువుల సంచి. రెండోది ఎత్తాను. “ఏయ్, కొంటవా, ముట్టి చూసుడేనా?” అన్నాడు బండాయన. మూడోది ఎత్తడానికి ధైర్యం చాలలేదు. అయ్యగారి గుర్తు ఆ వానలో ఏ బండి మీద ఎటు పోయిందో నాకు తెలియదు. ఆ అరటిపళ్ళకు దారిలో ఎలాంటి ప్రమాదమూ జరగలేదనే అనుకుంటున్నాను.

ఇంటికి చేరేలోపు నా చదువు నాకు అక్కరకొచ్చింది. నాయిన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నా చేతుల వైపు చూశాడు. ఖాళీ చేతులు.

“ఏదిరా?”

“విప్పలేదు నాయిన. విప్పితే పాడైతదని దాని మీదనే కొత్తది కొట్టిచ్చిన. గుర్తు లోపలనే ఉన్నది, నీ నెత్తి మీదనే. ఎవరూ ముట్టరు.”

ఆయన నా ఖాళీ చేతులను మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత లేచి, నా తడి జుట్టు మీద చెయ్యి పెట్టాడు. అంతకు ముందు ఎప్పుడూ పెట్టలేదు, తర్వాత కూడా పెట్టినట్టు గుర్తు లేదు. “చూసినవా, సదువుకున్నోని తెలివి గిట్లుంటది,” అన్నాడు అమ్మతో. అమ్మ నా మొహంలోకి చూసి, తువ్వాలు ఇచ్చింది. ఆమె నమ్మిందో లేదో ఈ రోజుకీ తేలలేదు.

ఆ రోజు నుంచి అదే శాసనమైంది. లారీ కప్పులు ఎండకు జారతాయి, మళ్ళీ జారింది. ఈసారి సూర్యాపేటలో ఎవరితోనో కొట్టించాడు. పాతది విప్పవద్దన్నాడు కాబట్టి వాడు దాని కింద చెక్కపట్టీలు బిగించి, స్పాంజి పెట్టి, కొత్త రెక్సిన్ కొట్టాడు. కప్పు రెండు అంగుళాలు కిందికి దిగింది. కొన్నేళ్ళకు ఇంకెవరో, ఇంకో రెండు అంగుళాలు. యూసుఫ్ భాయ్ మాత్రం, “పాతది విప్పనియ్యకుంటె నేను కొట్ట,” అని పంపేశాడట. మా ఇంటి వ్యవహారాల్లో తెలివిగా మాట్లాడినవాడు ఆయనొక్కడే, ఆయన మాకు చుట్టం కాదు. యూసుఫ్ భాయ్ కప్పు మీద మూడో పొర కూడా కొట్టించాక నాయిన సీట్లో నిటారుగా కూర్చోలేకపోయాడు. ఆరడుగుల మనిషి, నెత్తి మీద జానెడు చోటు కరువై, మెడ ముందుకు వంచి, కనుబొమల కింది నుంచి రోడ్డును చూస్తూ నల్లగొండకు వెళ్ళొచ్చేవాడు. పొరల మీద పొరలు అని ఇక్కడ ఏదైనా గంభీరమైన వాక్యం రాయవచ్చు. రాయను.

వంగిన మెడ లారీ దిగాక కూడా లేవలేదు. ఇంట్లో కొత్త పనొకటి వచ్చింది: రోజూ ఆయన చాయ తాగాక అమ్మ వెనక పీట వేసుకుని కూర్చుని, నొప్పుల మందు మెడకు రాసి, బొటనవేళ్ళతో రుద్దేది. బత్తాయి వాసన, డీజిల్ వాసన, వాటి మీద కర్పూరంలాంటి ఆ మందు వాసన. నేను పక్క గదిలో కూర్చుని మొక్కల వేళ్ళ వ్యవస్థ గురించి చదివేవాణ్ణి. చర్చిలో మాత్రం నాయినకు పేరొచ్చింది. సంఘ పెద్దలు ఆయనను వినయానికి ఉదాహరణగా చూపించేవాళ్ళు. “రత్నమన్న లెక్క ఉండాలె. సొంత బండి ఉన్నా తల ఎత్తి నడువడు,” అని పిల్లలకు చెప్పేవాళ్ళు. నాయిన వినయవంతుడు కాదు. ఆ పెద్దల్లో ఒక్కడికి కూడా రివర్స్ గేరు వెయ్యడం రాదని ఇంట్లో తిట్టేవాడు. కాని తల వంచుకుని తిట్టేవాడు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

దవాఖానలో మెడకు పట్టీ ఇచ్చారు. పట్టీ పెడితే మెడ వంగదు, మెడ వంగకపోతే బండిలో తల పట్టదు. అప్పటికి నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. ధైర్యం చేశాను.

“అవన్నీ విప్పి పారేద్దాం నాయిన. నూనె ఎప్పుడో ఎండిపోయి ఉంటది.”

“ఎండని. నువ్వు సోంచాయించి నా కోసం మీద మీద కొట్టిచ్చినవ్. అది ఎట్ల విప్పుతరా?”

అయ్యగారి గుర్తు సంగతి సరే. ఆయన మోస్తున్నది నా తెలివిని అని అప్పుడు తెలిసింది. తెలిశాక చెయ్యవలసిన పని ఒకటుంది. చెయ్యలేదు.

ఆయన పోయిన రోజు శవపేటికలో పడుకోబెడితే తల కిందికి ఆనలేదు. కింద ఒకటికి రెండు దిండ్లు పెట్టారు. అప్పుడు మూత పడలేదు. పెట్టె తెచ్చినవాడితో, “ఇది కూడా సూర్యాపేటలో చేయించినారా?” అన్నాను. అక్కడున్నవాళ్ళలో ఎవరికీ అది అర్థం కాలేదు, ప్రభుదాసు ఒక్కడు నా వైపు చాలాసేపు చూశాడు. సంఘ పెద్ద, “తల దించుకుని బతికి, తల దించుకునే ప్రభువు దగ్గరకు పోయిండు,” అని ప్రసంగించాడు.

ఇంత కథ ఉన్న కప్పును విప్పించడానికి ఆ శనివారం ఎల్‌బీ నగర్ బయలుదేరాం. లారీని క్రేన్‌తో ముందే పంపించాం. తమ్ముడు, నేను ఆటోలో. నాదర్‌గుల్ దాటాక నేను చెప్పేశాను. గుండె బాగాలేని మనిషికి వట్టి రేకు ఒక్కసారిగా చూపించడం కంటే ముందే చెప్పడం మంచిదనుకున్నాను. ఇది మంచితనం కాదు, వేరే దారి లేదు.

“తమ్మీ, ఒక మాట. గా రెక్సిన్ ఆడ లేదు. నాయిన కాపలా ఉండమంటె నేను సినిమాకు పోయిన. యూసుఫ్ భాయ్ దాన్ని అరటిపండ్ల బండాయనకు ఇచ్చేసిండు. నేను నాయినకు అబద్ధం చెప్పిన.”

వాడు నా వైపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

“అరటిపండ్ల బండి... నీ యవ్వ, ఎట్లొస్తయన్నా నీకు గివన్ని? నాకు భయమైతుందని నవ్విపిస్తున్నవ్ గదా?”

“మజాక్ కాదురా. నిజంగ.”

“ఊకో అన్నా. నాయిన పెట్టె కాడనే మజాక్ చేసినోనివి. నిన్ను నేను నమ్ముతనా?”

నలభై ఏళ్ళు ప్రతిదాన్నీ ఎగతాళి చేస్తూ బతికిన మనిషికి, నిజం చెప్పవలసిన రోజున ఏం జరుగుతుందో నాకు తెలిసింది. ఆటో డ్రైవర్ కూడా నవ్వాడు.

బండ్లకు కప్పులు కొట్టే ఖాదర్ షాపు ఎల్‌బీ నగర్ చౌరస్తాకు ఇవతల, మెట్రో వంతెన కనబడే సందులో ఉంది. ఆంధ్రా బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి. అతనికి యాభై దాటాయి. లోపల కార్లకు చుక్కల కప్పులు వేసిన ఫొటోలు గోడంతా అతికించి ఉన్నాయి. మనుషులు ఇంట్లో సీలింగ్ పెచ్చులూడుతున్నా పట్టించుకోరు, కారులో మాత్రం వాళ్ళకు ఆకాశం కావాలి. ఖాదర్ క్యాబిన్ ఎక్కి చాలాసేపు ఊరికే చూశాడు. ఆ చూపు నాకు ఎక్కడో చూసినట్టనిపించింది.

మొదటి పొర మెరూన్ రంగు, పువ్వుల బొత్తాలతో. ఖాదర్ దాన్ని ఇనుప కమ్మితో పీకి అవతల పారేశాడు. “గిదేం పని సార్, గాడిద పని.” దాని వెనక చెక్కపట్టీలు, పచ్చ పొడి, ఎలుక గూడు. ఆ గూట్లో చర్చి కానుకల కవరు ముక్కలు. మా కుటుంబంలో క్రమం తప్పకుండా కానుక తీసుకున్నది ఆ ఎలుక. రెండో పొరా అంతే, మూడో పొరా అంతే. తమ్ముడు స్టూలు మీద కూర్చుని చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఒక్కో పొర పడినప్పుడల్లా వాడి పెదవులు కదులుతున్నాయి. నేను వాడి బి.పి. మాత్రలు ఏ జేబులో ఉన్నాయో గుర్తు చేసుకుంటున్నాను.

నాలుగోది బయటపడగానే ఖాదర్ ఇనుప కమ్మి కింద పెట్టేశాడు.

“గిది మా ఉస్తాద్ పని,” అన్నాడు. “యూసుఫ్ భాయ్. నేను ఆయన దగ్గరనే నేర్చిన. చూడుండ్రి, మేకు మేకుకు నడుమ ఒక్కటే దూరం.” చిన్న పటకారు తెచ్చి ఒక్కో మేకు, ముల్లు తీసినట్టు, తీయడం మొదలుపెట్టాడు. చాలా సేపు పట్టింది. చివరి మేకు తీసి, రెక్సిన్‌ను రెండు చేతులతో దింపి, బల్ల మీద తిరగేసి పరిచాడు.

నడుమ నీలంగా ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత.

తమ్ముడు స్టూలు మీంచి లేచాడు. దగ్గరకొచ్చి, మూడు వేళ్ళతో దాన్ని తాకాడు, అచ్చం నాయిన లాగా. వాడి భుజాలు కదిలాయి. ముఖం వైపు నూనెతో పెట్టిన గుర్తు వెనక వైపు నీలం పెన్సిల్‌గా ఎలా మారిందని వాడు అడగలేదు. అప్పుడు స్టెప్నీ టైరు మీద నిద్రపోయినవాడు ఎలా అడుగుతాడు?

“చూసినవా అన్నా,” అన్నాడు, నా వైపు తిరగకుండా. “అరటిపండ్ల బండి అంట.”

నేను నోరు తెరిచాను. ఖాదర్ నన్ను చూశాడు, గుర్తును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. అతని చెవి మీద నీలం పెన్సిల్ ఉంది.

“ఇన్నేండ్లయినా పోలే, చూసినవా భాయ్?” అన్నాడు తమ్ముడు అతనితో.

ఖాదర్ చెవి మీది పెన్సిల్ తీసి జేబులో వేసుకున్నాడు. “మంచి చెయ్యి పెట్టింది సార్,” అన్నాడు. “గట్ల జల్ది పోదు.”

కత్తెర తెచ్చి, గుర్తు చుట్టూ చేతిరుమాలంత ముక్క కత్తిరించి, దులిపి, రెండు చేతులతో ఇచ్చాడు. తమ్ముడు అక్కడి నుంచే వాళ్ళావిడకు ఫోన్ చేసి బుధవారం వెళ్తున్నామని చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను. నా మాట నిజమనడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు, నా మాట అబద్ధమనడానికి బల్ల మీద పరిచి ఉంది.

“సార్, జర మీరే పోయి చాయ్ తెస్తరా? గా మూల మీది దుకాణంల మంచిగుంటది,” అని ఖాదర్ తమ్ముణ్ణి పంపించాడు. వాడు సందు దాటాక, కొత్త నల్ల రెక్సిన్ బల్ల మీద తిరగేసి పరిచి, నిలువుగా, అడ్డంగా మడిచి, పెన్సిల్ తీసి నడుమ గుర్తు కొట్టాడు. “రెండు నిమిషాల పని సార్,” అన్నాడు నా వైపు చూడకుండా. “ఆయన ఉండంగ వద్దనిపిచ్చింది.”

నేను వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. నెత్తి మీద వట్టి రేకు, దానికీ నాకూ మధ్య కావలసినంత ఖాళీ. చాయ గ్లాసులతో వచ్చిన తమ్ముడు కిటికీలోంచి చూసి, “తలకాయ లేపన్నా, ఇప్పుడేం తాకది,” అన్నాడు.

హోటలు తెరిచారు. మమ్మల్ని పిలిచారు, నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను. క్యాబిన్ కడిగి, రంగు వేసి, మా నాయిన సీటు స్థానంలో మెత్తటి సోఫా పెట్టారు. నెత్తి మీద చుక్కలు రంగులు మారుతుంటాయి. బత్తాయి వాసన పోగొట్టడానికి ఏదో మల్లెపూల మందు కొట్టారు. ఒక కుటుంబం ఫొటో దిగుతోంది. స్టీరింగు వెనక కూర్చున్న పెద్దమనిషి నిటారుగా, దర్జాగా, రోడ్డు లేని చోటికి నడుపుతున్నాడు. నాయిన ఆ సీట్లో అలా కూర్చుని ఉండవలసింది. కూర్చోవడానికి చోటు ఎప్పుడూ ఉంది, ఆ చోటు ఇచ్చే ఒక్క మాట నా దగ్గరే ఉండిపోయింది. హోటలాయన బిర్యానీ ఎలా ఉందని అడిగితే బాగుందండి అన్నాను. అదీ నిజం కాదు.

తమ్ముడు బాగానే ఉన్నాడు. మెల్లగా నడుస్తున్నాడు, నేను ఏం చెప్పినా నవ్వుతున్నాడు. బుధవారం పొద్దున వాణ్ణి లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నర్సమ్మ దిండు కింది ముక్క చూసి, “ఇవన్నీ లోపటికి రానియ్యరు పెద్దాయన, మీరే పట్టుకోండి,” అని నా చేతిలో పెట్టింది. తమ్ముడు మంచం మీంచి తల తిప్పి, “పైలం అన్నా,” అన్నాడు. తలుపులు మూసుకున్నాయి. అయిదు గంటలు పట్టింది. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, నా చేతి సంచి ఉంది, చొక్కాకు జేబుంది. నాకు తెలుసు అదేమిటో: యూసుఫ్ భాయ్ కప్పు ముడత పడకుండా పెట్టుకున్న గుర్తు. మరదలు చాయ తెచ్చిస్తే ఎడమ చేత్తో తాగాను. బాత్రూమ్‌కు వెళ్ళవలసి వస్తే వెళ్ళలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చేతిలోకి మార్చుకున్నాను. కింద పెట్టలేదు.